అతకడం, విడదీయడం, ఊడ్చెయ్యడం: గేమ్‌లో డాకింగ్ బగ్ నుంచి శ్రీహరికోట దాకా

వైజాగ్‌లో ఉన్నవాళ్లకి 2020 అక్టోబర్ గుర్తుండే ఉంటుంది. వాయుగుండం పట్టిన రోజులు. బయట లంగరేసుకుని ఉన్న బంగ్లాదేశ్ ఓడ ఎం.వి. మా, లంగరు పట్టు తప్పి, అలలకి కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్లలో ఇరుక్కుపోయింది. ఊరు ఊరంతా సెల్ఫీలకి వెళ్లింది. తర్వాత దాన్ని హోటల్‌గా మారుస్తామన్నారు, టూరిస్ట్ స్పాట్ అన్నారు. ఓడ మాత్రం ఏళ్ల తరబడి అక్కడే తుప్పు పట్టింది.

దీన్ని కొంచెం ప్రోగ్రామర్ కళ్లతో చూడండి. ఇందులో రెండు సమస్యలున్నాయి. ఓడకీ సముద్రపు అడుక్కీ మధ్య ఉండాల్సిన కనెక్షన్ పోయింది, అది మొదటిది. పోయాక మిగిలిన వస్తువుని ఎవరు, ఎప్పుడు, ఎలా తీసెయ్యాలో తేలలేదు, అది రెండోది. స్పేస్‌ఫ్లైట్ సిమ్యులేటర్లు రాసేవాళ్లకి రాత్రిళ్లు నిద్ర లేకుండా చేసేవి కూడా సరిగ్గా ఈ రెండే. రెండు వస్తువుల్ని అతకడం, విడదీయడం ఒకటి. పనైపోయినదాన్ని మెమరీలోంచి ఊడ్చెయ్యడం ఇంకొకటి. ఈ బగ్గులు గేముల్లోనే కాదు, మన శ్రీహరికోట చరిత్రలో కూడా ఉన్నాయి. ఇవాళ్టి ఎపిసోడ్ దాని గురించే.

ముందు గేమ్ సంగతి. మీలో చాలామందికి కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ తెలుసు. 2011లో మొదటిసారి బయటికొచ్చింది, 2012 చివర్లో డాకింగ్ చేర్చారు. దానికంటే పాతది, ఇంకా సీరియస్‌ది ఆర్బిటర్. లండన్‌లో పనిచేసే మార్టిన్ ష్వైగర్ అనే ఆయన 2000లో విడుదల చేశారు, ఫ్రీగానే. 2021లో సోర్స్ కోడ్ మొత్తం ఓపెన్ చేసేశారు. గిట్‌హబ్‌లో ఉంది, ఫోన్‌లో కూడా చదువుకోవచ్చు.

డాకింగ్ అంటే బయటికి కనిపించేది రెండు నౌకలు అతుక్కోవడం. లోపల జరిగేది వేరే. అప్పటిదాకా రెండు బరువులు, రెండు గురుత్వ కేంద్రాలు, రెండు తిరుగుడు లెక్కలు ఉంటాయి. అతుక్కున్న క్షణం నుంచి అదంతా ఒకే వస్తువు కావాలి. బరువు కలిపేస్తే చాలదు. కేంద్రం జరుగుతుంది. ఇదివరకు ముక్కుని పైకి తిప్పిన థ్రస్టర్ ఇప్పుడు మొత్తం బండిని ఇంకో వైపు తిప్పొచ్చు. విడిపోయినప్పుడు ఇదంతా మళ్లీ రెండుగా పంచాలి. పంపకాల్లో ఒక్క లెక్క తప్పినా, ఎవరూ తొయ్యకుండానే నౌక గిరగిరా తిరగడం మొదలెడుతుంది.

ఇక క్లీనప్. నౌక ఎ, నౌక బి అతుక్కుని ఉన్నాయి. బి పేలిపోయింది, ప్రోగ్రామ్ దాన్ని తీసేసింది. కానీ ఎ దగ్గర "నా పక్కన బి ఉంది" అనే చీటీ ఇంకా అలాగే ఉంది. ఇదెలా ఉంటుందంటే, మీ బావ సిమ్ మార్చేశాడు, మీ ఫోన్‌లో మాత్రం పాత నంబరే ఉంది. కొన్నాళ్లకి కంపెనీవాళ్లు ఆ నంబర్ ఇంకెవరికో ఇచ్చేశారు. మీరు ఫోన్ చేసి "ఏంట్రా బావా, పైసలెప్పుడిస్తావ్" అంటారు, అవతల ఎవరో పెద్దాయన. ప్రోగ్రామ్‌లో కూడా అదే జరుగుతుంది. ఖాళీ అయిన చోట మెమరీలో ఇంకేదో వచ్చి కూర్చుంటుంది. ఎ వెళ్లి దాన్ని బి అనుకుని పలకరిస్తుంది. అదృష్టం ఉంటే వెంటనే క్రాష్ అవుతుంది. అదృష్టం లేకపోతే క్రాష్ అవ్వదు, తప్పు లెక్కతో అలాగే నడుస్తుంది. నన్నడిగితే క్రాషే నయం, కనీసం తప్పుందని తెలుస్తుంది.

ఇంకో చిత్రం ఉంది. గేముల్లో మామూలుగా వాడే నంబర్‌కి దాదాపు ఏడు అంకెల కచ్చితత్వమే ఉంటుంది. లెక్క మొదలయ్యే చోటు నుంచి మీ నౌక 600 కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి. అక్కడ కంప్యూటర్ చూపించగలిగే అతి చిన్న అడుగు ఆరు సెంటీమీటర్ల పైనే. అంటే నౌకలో ఒక్కో ముక్క ఆరు సెంటీమీటర్లు అటో ఇటో గెంతుతూ ఉంటుంది. ముక్కల మధ్య ఉన్న జాయింటేమో "అయ్యో, నన్ను లాగేస్తున్నారు" అని తిరిగి లాగుతుంది. ఆ ఊపు పెరిగి పెరిగి నౌక దానంతట అదే చీలిపోతుంది. కెర్బల్ ఆడేవాళ్లు దీనికి క్రాకెన్ అని రాక్షసుడి పేరు పెట్టారు. దీనికి తయారీదారులు కనిపెట్టిన మందు ఏంటంటే, నౌకని మధ్యలో నిలబెట్టి దాని చుట్టూ లోకాన్నే కదపడం. రైల్లో కూర్చుంటే చెట్లు వెనక్కి వెళ్తున్నట్టు ఉంటుంది కదా, అలా అన్నమాట.

సరే, ఇవన్నీ గేములు. రీలోడ్ కొడితే మళ్లీ బతుకుతాం. రీలోడ్ లేని చోటికి వెళ్దాం.

1993 సెప్టెంబర్ 20, శ్రీహరికోట. పీఎస్‌ఎల్‌వీ మొట్టమొదటి ప్రయోగం, డీ1. లోపల ఐఆర్ఎస్-1ఇ ఉపగ్రహం. ఇస్రో చైర్మన్ యు.ఆర్.రావు. అంతకు ముందు ఏఎస్ఎల్‌వీ 1987లో, 1988లో వరసగా రెండుసార్లు విఫలమైంది. కాబట్టి ఈసారి ఒత్తిడి ఎంతుంటుందో ఊహించుకోండి. మొదటి దశ బాగా మండింది. రెండో దశ కూడా బాగానే మండింది. రెండో దశ విడిపోయి మూడోది అందుకోవాలి. అక్కడ దెబ్బ తగిలింది. విడిపోయేటప్పుడు రాకెట్ అనుకున్నదాని కంటే చాలా ఎక్కువగా ఊగింది, దశలు రెండూ ఒకదాన్నొకటి తాకాయి. రాకెట్ దారి తప్పింది. ఉపగ్రహం కక్ష్యకి చేరనేలేదు, బంగాళాఖాతంలో పడిపోయింది.

విచారణలో తేలిన కారణాల్లో ఒకటి సాఫ్ట్‌వేర్ తప్పు. రాకెట్ ముక్కు పైకీ కిందకీ ఊగకుండా చూసే కంట్రోల్ లెక్క ఉంటుంది, దాన్ని పిచ్ లూప్ అంటారు. ఆ లెక్క రాసిన తీరులో తప్పుంది. విలువ హద్దు దాటితే ఏం చెయ్యాలన్నది సరిగ్గా లేదు. పాత స్కూటర్ మీటర్ 99,999 దాటితే మళ్లీ సున్నాకి వచ్చేస్తుంది కదా, ఇది ఆ జాతి తప్పు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం, ఎందుకంటే మొత్తం కథలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఇదే. రాకెట్ మామూలుగా ఊగితే ఆ లెక్క హద్దు దాటదు. హద్దు దాటకపోతే తప్పు బయటపడదు. అంటే మీరు నేల మీద వంద సిమ్యులేషన్లు చేసినా, అన్నింట్లోనూ రాకెట్ మర్యాదగా ఎగిరితే, వందా పాసే. విడిపోవడం గలీజుగా జరిగిన రోజునే ఆ బగ్ నిద్ర లేస్తుంది. కనెక్షన్ బగ్గులు ఎప్పుడూ ఇలాగే ఉంటాయి. ఒంటరిగా రావు. జాయింట్ దగ్గర ఒక చిన్న తేడా, లెక్కలో ఒక చిన్న తేడా, రెండూ ఒకే సెకనులో కలుస్తాయి.

మూడేళ్ల తర్వాత, 1996 జూన్ 4న, యూరప్‌వాళ్ల ఏరియాన్ 5 మొదటి ప్రయోగంలో కూడా పెద్ద నంబర్‌ని చిన్న గదిలో కుక్కబోయి రాకెట్ పేలిపోయింది. ప్రపంచమంతా కాలేజీల్లో ఆ కేసు చెబుతారు. మన డీ1 గురించి మాత్రం మన కాలేజీల్లోనే చెప్పరు. ఎందుకో మరి! ఇస్రో ఆ తప్పు దిద్దుకుని 1994 అక్టోబర్ 15న డీ2 ఎగరేసింది. అది సక్సెస్. ఆ తర్వాత పీఎస్‌ఎల్‌వీ ఏమైందో మీకు తెలుసు.

ఇప్పుడు 2017 ఆగస్టు 31కి రండి. పీఎస్‌ఎల్‌వీ-సి39, లోపల ఐఆర్ఎన్ఎస్ఎస్-1హెచ్, మన నావిక్ కోసం. సాయంత్రం ఏడు గంటలకి చక్కగా లేచింది. మూడు నిమిషాలు దాటాక, గాలి పల్చబడ్డాక, ముక్కున ఉన్న ఉష్ణకవచం రెండు చెక్కలుగా విడిపోవాలి. విడిపోలేదు. టన్నుకి పైగా బరువున్న ఆ టోపీ అలాగే ఉండిపోయింది. కానీ రాకెట్‌లో వరస ఆగలేదు. తర్వాతి దశ మండింది, దాని తర్వాతిది మండింది. చివరికి ఉపగ్రహాన్ని వదిలే సమయానికి వదిలింది కూడా. ఎక్కడ వదిలింది? మూసి ఉన్న కవచం లోపలే! పెట్టెలోంచి బొమ్మని తీశాం, పెట్టె మూత మాత్రం తియ్యలేదు. అనవసరపు బరువు వల్ల కక్ష్య కూడా బాగా తగ్గింది. 20,000 కిలోమీటర్లు దాటాల్సిన ఎత్తు సుమారు 6,500 దగ్గరే ఆగిపోయింది.

గేమ్ రాసేవాళ్లకి ఈ బగ్ చూడగానే అర్థమవుతుంది. "విడిపో" అని ఆదేశం ఇవ్వడం వేరు, విడిపోవడం వేరు. చాలామంది కోడ్‌లో ఆదేశం ఇచ్చిన వెంటనే "విడిపోయింది" అని టిక్ పెట్టేస్తారు. జాయింట్ నిజంగా తెగిందా, బరువు తగ్గిందా అని మళ్లీ చూడరు. నిజం చెప్పాలంటే, ఆ స్థితిలో రాకెట్‌కి తెలిసినా చెయ్యగలిగింది పెద్దగా లేదు, అది వేరే సంగతి. ఆ కవచం, దాని లోపల ఉపగ్రహం కలిసి 2019 దాకా భూమి చుట్టూ తిరిగి, వాతావరణంలోకి వచ్చి కాలిపోయాయి. దాని బదులు 1ఐ ఉపగ్రహాన్ని 2018 ఏప్రిల్‌లో పంపారు.

సగం అతుక్కోవడం అనే బాధ ఇంకోటుంది, అది మనది కాదు, సోవియట్‌వాళ్లది. 1971 ఏప్రిల్‌లో సోయజ్ 10 ముగ్గురు మనుషులతో సల్యూత్ 1 దగ్గరికి వెళ్లింది. అది ప్రపంచంలోనే మొదటి స్పేస్ స్టేషన్. ముక్కు లోపలికి దూరింది, కానీ గట్టిగా బిగుసుకోలేదు. లోపలికి వెళ్లడానికి లేదు. సరే వెనక్కి వచ్చేద్దామంటే వెంటనే ఊడలేదు. ఇటు కాదు అటు కాదు. ఎలాగో ఊడదీసుకుని స్టేషన్‌లో అడుగు పెట్టకుండానే తిరిగొచ్చారు. సాఫ్ట్‌వేర్‌లో కూడా "అతుక్కుంది", "అతుక్కోలేదు" అని రెండే గదులు పెట్టుకున్నవాడు ఈ మూడో గది వచ్చినప్పుడు దొరికిపోతాడు.

ఇవన్నీ గుర్తు పెట్టుకుని స్పేడెక్స్ కథ వినండి.

2024 డిసెంబర్ 30 రాత్రి, పీఎస్‌ఎల్‌వీ-సి60. ఒక్కోటి 220 కిలోల ఉపగ్రహాలు రెండు. ఒకటి ఛేజర్, ఇంకోటి టార్గెట్. వీటిని కూర్చి పరీక్షించింది హైదరాబాద్ కంపెనీ అనంత్ టెక్నాలజీస్, బెంగళూరులోని తన కేంద్రంలో, ఇస్రో పర్యవేక్షణలో. భూమికి 475 కిలోమీటర్ల ఎత్తు. అక్కడ రెండూ సెకనుకి ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పోతుంటాయి. కానీ ఒకదాన్నొకటి తాకేటప్పుడు వేగం సెకనుకి ఒక సెంటీమీటర్. చీమ నడకన్నమాట.

డాకింగ్ జనవరి 7న అన్నారు. 9కి వాయిదా. ఎందుకంటే, మధ్యలో ఆపేయాల్సి వచ్చే ఒక పరిస్థితి అప్పుడే గుర్తించారు, దాన్ని నేల మీద సిమ్యులేషన్‌లో మళ్లీ సరిచూసుకోవాలి అని ఇస్రో చెప్పింది. 9 వచ్చింది, మళ్లీ వాయిదా. ఉపగ్రహాలు గ్రౌండ్ స్టేషన్‌కి కనిపించని టైమ్ ఉంటుంది. రెండింటి మధ్య దూరాన్ని 225 మీటర్లకి తగ్గించే పని మొదలెట్టారు, కనిపించని ఆ టైమ్ గడిచాక చూస్తే, జరుగుడు అనుకున్నదాని కంటే ఎక్కువగా ఉంది. 12న 15 మీటర్లకి తెచ్చారు, తర్వాత 3 మీటర్లకి. అంత దగ్గరికొచ్చి, వెనక్కి లాగేశారు!

వాయిదా అన్న ప్రతిసారీ మనలో చాలామంది నిట్టూర్చాం, "మళ్లీనా" అని. కానీ డీ1 కథ విన్నాక ఆ మొదటి వాయిదాని చూడండి. ఉపగ్రహాలు అప్పటికే పైన ఉన్నాయి. అంతా సవ్యంగా నడిచే దారి కాదు, మధ్యలో ఆగిపోయే దారి ఒకటి దొరికింది. దాన్ని పట్టించుకోకుండా ముందుకెళ్లినా బహుశా పనైపోయేదేమో. ఆ "బహుశా" మీద పందెం కాయకుండా మళ్లీ సిమ్యులేటర్ ముందు కూర్చున్నారు. 1993లో నేర్చుకున్న పాఠం 2025లో పనికొచ్చిందని నేను అనుకుంటున్నాను.

జనవరి 16న అతుక్కున్నాయి. అమెరికా, రష్యా, చైనా తర్వాత నాలుగో దేశం మనదే అని అందరూ చెప్పారు. ఆ రోజు ఇస్రో చెప్పిన ఇంకో మాట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. డాకింగ్ తర్వాత రెండు ఉపగ్రహాల్నీ ఒకే వస్తువుగా నియంత్రించగలిగాం అన్నారు. నేను మొదట్లో చెప్పిన లెక్క ఇదే కదా. రెండు కేంద్రాలు ఒకటవ్వడం, 220, 220 కలిసి 440 కిలోల బండిని ఒకే బుర్ర నడపడం.

విడదీయడం మార్చి 13న. అది కూడా ఒక్క ఆదేశంతో కాదు. ముందు ఒక ఉపగ్రహంలో మెకానిజం చాచారు. పట్టుకుని ఉన్న లివర్ వదిలారు, అది నిజంగా వదిలిందని చూసుకున్నారు. తర్వాత రెండింటికీ వదిలెయ్యమని ఆదేశం. అప్పుడు విడిపోయాయి. సి39లో కవచానికి ఏమైందో గుర్తుందిగా? ఏప్రిల్ 20న రెండోసారి అతికించారు, ఒకదాని నుంచి ఇంకోదానికి కరెంట్ కూడా పంపించారు.

ఇక ఊడ్చెయ్యడం. 2001 అక్టోబర్ 22న పీఎస్‌ఎల్‌వీ-సి3 మూడు ఉపగ్రహాల్ని బాగానే వదిలింది. అందరూ చప్పట్లు కొట్టి ఇంటికెళ్లారు. ఖాళీ అయిన నాలుగో దశ మాత్రం పైనే తిరుగుతోంది. డిసెంబర్ 19న అది పేలి మూడు వందలకి పైగా ముక్కలైంది. ఇలాంటి దశల్లో మిగిలిపోయే ఇంధనమే పెద్ద ప్రమాదం. గేమ్‌లో అయితే పనైపోయిన దశని ఒక్క లైన్‌తో డిలీట్ చేస్తారు. ఆకాశంలో ఆ లైన్ లేదు. అందుకే తర్వాత, పనైపోయిన దశలో మిగిలిన ఇంధనాన్ని, ఒత్తిడిని బయటికి వదిలేసే పద్ధతి పెట్టారు.

2022 నుంచి ఇంకో అడుగు వేశారు. ఆ నాలుగో దశనే పోయెమ్ అని పేరు పెట్టి ప్రయోగశాలగా వాడుకుంటున్నారు. మన వైజాగ్‌వాళ్లకి ఇది కొత్త ఆలోచనేం కాదు. పోర్టు కట్టే రోజుల్లో రెండు పాత ఓడల్ని కావాలని ముంచేసి, అలల దెబ్బ కాచే అడ్డుకట్టగా వాడారు. చచ్చిన వస్తువుకి ఒక ఉద్యోగం ఇవ్వడం. స్పేడెక్స్‌తో వెళ్లిన పోయెమ్-4లో 24 ప్రయోగాలున్నాయి. బొబ్బర్లు మొలకెత్తించింది అందులోనే. పనయ్యాక కిందకి, 350 కిలోమీటర్లకి దింపారు, 2025 ఏప్రిల్ 4న వాతావరణంలోకి వచ్చేసింది. అంతకు ముందు పోయెమ్-3 కూడా 2024 మార్చి 21న అలాగే వచ్చింది. 2030 కల్లా చెత్త మిగలని ప్రయోగాలే చెయ్యాలని ఇస్రో లక్ష్యం పెట్టుకుంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, తర్వాత అతికేదీ విడదీసేదీ మనుషులున్న బండిని. గగన్‌యాన్‌లో ఏదైనా తేడా వస్తే సిబ్బంది ఉన్న మాడ్యూల్ రాకెట్ నుంచి క్షణాల్లో తెగిపోవాలి. 2023 అక్టోబర్ 21న టీవీ-డీ1 ప్రయోగంలో మనుషులు లేకుండా అదే పరీక్షించారు. విడిపోవడం, పారాషూట్లు, అన్నీ పనిచేశాయి. సముద్రంలో దిగాక మాడ్యూల్ తలకిందులుగా తేలింది. చూడండి, ఆకాశంలో అంతా సరిగ్గా జరిగినా నీళ్లలో ఇంకో లెక్క ఉంటుంది.

ఆ నీళ్ల లెక్క నేర్చుకున్నది మన ఊళ్లోనే. 2023 జూలై 20న విశాఖ నేవల్ డాక్‌యార్డ్‌లో, అసలు మాడ్యూల్ బరువు, ఆకారం ఉన్న నమూనాతో పరీక్షలు మొదలయ్యాయి. అది కూడా సిమ్యులేషనే, కాకపోతే కోడ్ కాదు, లోహం. నీళ్లలో తేలుతున్న మాడ్యూల్‌కి బోయా తగిలించడం, తాడుతో లాగడం, ఓడ మీదకి చేర్చడం, ఒక్కో అడుగూ విడివిడిగా చేసి చూశారు. 2024 డిసెంబర్ 6న తూర్పు నౌకాదళం విశాఖ తీరంలో ఇంకో పద్ధతి ప్రయత్నించింది. వెనక భాగంలోకి నీళ్లు నింపుకోగల ఓడ తెచ్చారు. మాడ్యూల్‌ని లోపలికి తేల్చుకుంటూ తీసుకెళ్లి, చోట్లో నిలిపి, నీళ్లు తోడెయ్యడం. ఇదీ డాకింగే. పైన ఉన్నదానికీ దీనికీ తేడా ఒక్కటే, ఇక్కడ అలలుంటాయి. లోపల ముగ్గురు కూర్చుని తలుపు ఎప్పుడు తెరుస్తారా అని చూస్తుంటారు.

ఒక పని చెయ్యండి. ల్యాప్‌టాప్ దొరికితే ఆర్బిటర్ దించుకుని, రెండు నౌకల్ని డాక్ చేసి, వాటిలో ఒకదాన్ని డిలీట్ చెయ్యండి. మిగిలినది ఏం చేసిందో కామెంట్లలో రాయండి. కోడ్‌లో ఆ చీటీ ఎక్కడ చెరిపేస్తున్నారో వెతికి పట్టుకున్నవాళ్లు లైన్ నంబర్‌తో సహా రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో అక్కడి నుంచే మొదలెడదాం.